ఒక కణభౌతిక గ్రూపులో ఎవరెవరుంటారు?

(బరంపురంలో తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. వెనక వరుసలవాళ్లకు వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచినవాళ్లు హిగ్స్ బోసాన్ గురించి చెప్పమన్నారు. చెప్తాను, కొంచెం చెప్తాను: మిగతా మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో వివరించే కణం అది. కానీ ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడాలనుకుంటున్నది ఆ కణం వెంటపడ్డ మనుషుల గురించి. కణభౌతికం అంటే పదార్థంలోని అతి చిన్న కణాలను చదివే శాస్త్రం. ఒక యూనివర్సిటీలో కణభౌతిక గ్రూపు అని బోర్డు ఉంటుంది. ఆ తలుపు తోసుకుని లోపలికి వెళితే ఎవరుంటారు? పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేస్తారు? ఎవరికి జీతం వస్తుంది, ఎవరికి రాదు? మన పిల్లల్ని ఏదో ఒక దారిలో పెట్టాలని చూసే తల్లిదండ్రులకు ఈ విషయాలు ఎవరూ చెప్పరు. అందుకే చెప్పాలని వచ్చాను.

ముందు ఒక పేపరు సంగతి. పేపరంటే ఇక్కడ పరిశోధన వ్యాసం. 2012 జులై 4న జెనీవా దగ్గర సెర్న్ అనే అంతర్జాతీయ కణభౌతిక ప్రయోగశాలలో హిగ్స్ కణం దొరికిందని ప్రకటించారు. అట్లాస్, సీఎంఎస్ అని రెండు పెద్ద ప్రయోగాలు ఆ సంగతి విడివిడిగా చెప్పాయి. మూడేళ్ల తర్వాత, 2015లో, ఆ రెండు ప్రయోగాలూ కలిసి ఆ కణం ద్రవ్యరాశి ఎంతో లెక్కకట్టి ఒక పేపరు అచ్చువేశాయి. ఆ పేపరు 33 పేజీలు. అందులో విషయం ఎంతో తెలుసా? 9 పేజీలు. మిగతా 24 పేజీలూ రాసినవాళ్ల పేర్లు, వాళ్ల సంస్థల పేర్లు. మొత్తం 5154 మంది. మళ్లీ చెప్తున్నా, 5154 మంది రచయితలు, ఒక్క పేపరుకి.

ఇది విని చాలామంది నవ్వుతారు. ఇంతమంది కలిసి రాశారా అని. నవ్వాల్సిన పని లేదు. రెండేళ్లకోసారి మన ఠాకురాణి యాత్ర జరుగుతుంది కదా. పందిళ్లు వేసేవాళ్లు వేరు, దీపాలు కట్టేవాళ్లు వేరు, వేషాలు కట్టేవాళ్లు వేరు, అమ్మవారి ఘటం వెంట రాత్రంతా నడిచేవాళ్లు వేరు. ఈ యాత్ర ఫలానా ఆయన చేశాడు అని బరంపురంలో ఎవరైనా అంటారా? అనరు. ఆ ప్రయోగాలూ అలా జరిగేవే. సీఎంఎస్ అనే యంత్రం బరువు దాదాపు 14,000 టన్నులు. భూమికి వంద మీటర్ల లోతున, ప్రోటాన్లు తిరిగే 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగం దారిలో కూర్చుంది. దాని మధ్యలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు 4 కోట్లసార్లు ఎదురెదురుగా వస్తాయి. అన్నీ దాచుకోలేం. సెకనుకు వెయ్యో, కొన్ని వేలో పనికొచ్చేవి ఏరి, మిగతావి అక్కడికక్కడే వదిలేయాలి. ఆ ఏరడం నేర్పేది ఒకరు, ఏరినవి దాచేది ఒకరు, చదివేది ఒకరు, యంత్రం పాడైతే దిగి బాగుచేసేది మరొకరు.

ఆ 5154 పేర్లూ ఎక్కడినుంచి వచ్చాయి? వందలాది చిన్న గ్రూపుల నుంచి. ఒక్కో గ్రూపులో ఐదుగురు, పదిమంది, ఇరవైమంది. మన దేశం నుంచీ ఉన్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్, భాభా అణు పరిశోధన కేంద్రం, పంజాబ్ యూనివర్సిటీ, ఢిల్లీ యూనివర్సిటీ, మన భువనేశ్వర్ దగ్గర నైసర్ అనే విజ్ఞాన విద్యాసంస్థ. భువనేశ్వర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వాళ్లు, కోల్‌కతావాళ్లు, మరికొందరు కలిసి ఎలిస్ అనే ఇంకో ప్రయోగానికి ఒక డిటెక్టరే, అంటే కణాల జాడ పట్టే పరికరమే, తయారుచేసి పంపారు. 2017 జనవరిలో భారతదేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశమైంది. కాబట్టి ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి అనుకోకండి. రైలెక్కితే మూడు గంటల్లోపు చేరే ఊళ్లో జరుగుతోంది.

సరే, తలుపు తోసుకుని లోపలికి వెళ్దాం.

మొదట ప్రొఫెసర్ గారు. ఆయన రోజంతా బోర్డు మీద సమీకరణాలు రాస్తారని అనుకుంటాం. రాయరు. రాసే తీరిక ఉండదు. పగలు క్లాసులు, ప్రాజెక్టు ప్రతిపాదనలు, విద్యార్థుల ఫెలోషిప్ కాగితాలు, పోయినేడు ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చుపెట్టారో చూపించే సర్టిఫికెట్లు. సాయంత్రం అయ్యేసరికి జెనీవాతో మీటింగులు. అక్కడి గడియారం మనకంటే ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్కడ నాలుగింటికి మీటింగు అంటే మనకు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో. ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. ఎవరికి ఏ పని అప్పజెప్పాలి, ఎవరు అలసిపోయారు, ఎవరు ఇంటికి ఫోన్ చెయ్యకుండా నెల రోజులుగా కూర్చున్నారు అని కనిపెట్టుకుని ఉండడం ఆయన అసలు పని. నా లెక్కలో మంచి ప్రొఫెసర్ ఎవరో తెలుసుకోవాలంటే ఆయన పేపర్లు లెక్కపెట్టకండి. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కోండి.

ఇక పీహెచ్‌డీ విద్యార్థులు. గ్రూపుకు కాళ్లూ చేతులూ వీళ్లే. ఐదారేళ్లు ఉంటారు. వీళ్లకు డబ్బు వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. వస్తుంది. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. దానిమీద ఇంటద్దె భత్యం. అది చేతికి అందడం ఒక్కోసారి నెలలు ఆలస్యం అవుతుంది, అదీ చెప్పాలి మీకు. అద్దె ఇంట్లో ఉండి, నెల నెలా ఇంటికి పంపాల్సిన పిల్లవాడికి ఆ ఆలస్యం ఎంత టెన్షనో నేను కళ్లారా చూశాను.

పేరు జాబితాలోకి ఎక్కాలంటే మొదట ప్రయోగానికి సేవ చెయ్యాలి. చేరగానే పేరు వెయ్యరు. సుమారు ఏడాది పాటు డిటెక్టరు కోసమో, సాఫ్ట్‌వేర్ కోసమో అందరికీ పనికొచ్చే పని ఒకటి చెయ్యాలి. కంట్రోల్ రూములో షిఫ్టులు చెయ్యాలి, ఎనిమిది గంటలకొకటి చొప్పున, పగలు, సాయంత్రం, రాత్రి. రాత్రి షిఫ్టులో ఏముంటుంది? తెరల మీద గీతలు. అన్నీ సవ్యంగా ఉన్నంతసేపూ ఏమీ ఉండదు. ఎక్కడో ఒక గీత కిందికి జారుతుంది. అది చూడాలి, వెంటనే ఫోన్ ఎత్తాలి, ఎవరిని లేపాలో తెలియాలి. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి తెల్లవారుజామున మూడింటికి ఒక పెద్ద ఇంజనీరుని నిద్రలేపి "మీ భాగంలో తేడా కనబడుతోంది" అని చెప్పాలి. ఆయనా విసుక్కోకుండా లేస్తాడు. ఆ మర్యాద ఆ ప్రపంచంలో నాకు చాలా ఇష్టం.

ఇక్కడ ఒక సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, పిల్లలు బాగా వినండి. ఒక విద్యార్థి కొత్త కణం కోసం వెతుకుతున్నాడనుకోండి. ఆ కణం ఉంటే ఫలానా ద్రవ్యరాశి దగ్గర గ్రాఫులో చిన్న గుట్టలా లేస్తుంది. మరి వెతికేవాడికి అది కనబడాలనే ఆశ ఉంటుంది కదా? ఆశ ఉన్న కంటికి లేని గుట్ట కూడా కనబడుతుంది. అందుకని ఏం చేస్తారు? ఆ భాగాన్ని ముందే మూసేస్తారు. దాన్ని బ్లైండ్ చెయ్యడం అంటారు. డేటా అంతా చేతిలోనే ఉంటుంది, ఆ కాస్త చోటు మాత్రం చూడకూడదు. ఎవరూ కాపలా ఉండరు. కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక్క లైను మారిస్తే కనబడుతుంది. మార్చడు. ఏడాది, ఏడాదిన్నర పాటు పక్కనున్న భాగాలు చూసుకుంటూ లెక్కలు సరిచేస్తాడు. ఏ పొరపాటు ఎంత వరకు ఉండొచ్చో కడతాడు. ప్రయోగం లోపలే ఒక కమిటీ కూర్చుని ప్రతి అంకెనీ ప్రశ్నిస్తుంది. ముఖపరిచయం లేనివాళ్లు వంద ప్రశ్నలు రాసి పంపిస్తారు, అన్నిటికీ జవాబు చెప్పాలి. అంతా అయ్యాక, ఇక ఏమీ మార్చకూడదు అని ఒప్పుకున్నాక, అప్పుడు తెరుస్తారు.

తెరిస్తే ఏముంటుంది? చాలాసార్లు ఏమీ ఉండదు. గుట్ట లేదు. "ఇంత ద్రవ్యరాశి దాకా ఈ కణం లేదు" అని పేపరు రాస్తారు. తల్లిదండ్రులు అడుగుతారు, ఐదేళ్లు చదివి ఏం కనిపెట్టావురా అని. దయచేసి ఆ మాట అనకండి. లేదని తేల్చి చెప్పడానికి ఉన్నదని చెప్పినంత పనీ చెయ్యాలి. ఆ తర్వాత వచ్చేవాళ్లు ఆ దారి వదిలి ఇంకో దారిలో వెతుకుతారు. మూసిన చోటు చూడకుండా ఏడాదిన్నర ఆగిన పిల్లవాడిని నేను చాలా గౌరవిస్తాను.

సిద్ధాంతంవాళ్లు కూడా ఉంటారు. కాగితం, బోర్డు, కాఫీ. ప్రయోగంవాళ్లు ఏం వెతకాలో వాళ్లు చెప్తారు, ఏం దొరికిందో వీళ్లు చెప్తారు. వాళ్ల గురించి పత్రికల్లో బోలెడు చదివి ఉంటారు కాబట్టి ముందుకు వెళ్తాను.

ఇప్పుడు మీకు ఒక మెకానిక్ గారి గురించి చెప్తాను. పేరు చెప్పను, ఆయనకు ఇలా చెప్పించుకోవడం ఇష్టం ఉండదు. మన ఇచ్ఛాపురం వైపు మనిషి. ఐటీఐ ఫిట్టరు. నేను పనిచేసిన గ్రూపులో ఆయన ల్యాబు చూసుకునేవారు.

ఆ ల్యాబులో మేం ఆర్‌పీసీ అనే డిటెక్టర్లు కట్టేవాళ్లం. అదేం పెద్ద మాయ కాదు. రెండు గాజు పలకలు తీసుకోండి. మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, అంతటా ఒకేలా ఉండాలి. అందుకని ప్లాస్టిక్ బొత్తాలు వరసగా జిగురుతో అంటిస్తాం. అంచుల చుట్టూ మూసేస్తాం. మూలల్లో గ్యాసు రావడానికి, పోవడానికి సన్నని గొట్టాలు. బయటివైపు గ్రాఫైట్ పూత. ఆ ఖాళీలో గ్యాసు నింపి, దాదాపు 10,000 వోల్టులు ఇస్తాం. ఆకాశం నుంచి మ్యూయాన్ అనే కణం వచ్చి దానిగుండా దూసుకుపోతే గ్యాసులో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. సెకనులో వందకోట్లవ వంతు తేడాను కూడా అది పట్టుకుంటుంది. మ్యూయాన్లు ఎక్కడున్నాయంటారా? ఇక్కడే ఉన్నాయి. చెయ్యి చాపండి. మీ అరచేతిగుండా నిమిషానికి దాదాపు వంద వెళ్తున్నాయి, నేను మాట్లాడుతుండగానే.

ఆ గాజు పెట్టె లీకవకూడదు. లీకైతే బయటి తేమ లోపలికి వస్తుంది, డిటెక్టరు పాడవుతుంది. అందుకని కట్టిన ప్రతి పెట్టెకూ పరీక్ష. లోపల కొంచెం ఎక్కువ పీడనం పెట్టి, గొట్టాలు మూసేసి, ఒక యూ ఆకారపు నీటి గొట్టం తగిలిస్తాం. నీటిమట్టం ఎంత ఉందో స్కేలు మీద చూస్తాం. మట్టం దిగిందంటే లీకు. అంతే.

ఒక విద్యార్థి, చాలా తెలివైనవాడు, సాయంత్రం నాలుగింటికి పరీక్ష మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున్న పదింటికి వచ్చి చూస్తే మట్టం దిగి ఉంది. ఒకటి కాదు, బల్ల మీదున్న పెట్టెలన్నిటిలోనూ. అన్నీ లీకేనని రాసేసి, జిగురు బాగోలేదు, మొత్తం పక్కన పెట్టేద్దామన్నాడు. ఎన్నో వారాల పని అది. మెకానిక్ గారు ఏమీ అనలేదు. "సాయంత్రం దాకా అలాగే ఉంచండి, ముట్టుకోకండి" అన్నారు. మళ్లీ నాలుగైంది. మట్టం తిరిగి పైకి వచ్చింది. అప్పుడు ఆయన అన్నారు, "పోయిన గాలి మళ్లీ వస్తాదేటి బాబూ?"

చూశారా, ఎంత చిన్న ప్రశ్నో! లీకైన గ్యాసు తిరిగి రాదు కదా. మరి మట్టం ఎందుకు దిగింది, ఎందుకు ఎక్కింది? మన ప్రాంతాల్లో వాతావరణ పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. పొద్దున్న పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. బయట పీడనం పెరిగితే నీటిమట్టం దిగినట్టు కనబడుతుంది, తగ్గితే ఎక్కుతుంది. గదిలో వేడి ఒక్క డిగ్రీ మారినా తేడా కనబడుతుంది. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. నీలం అట్ట, నూనె మరకలు. అందులో తేదీ, గంట, గది వేడి, గోడమీది బారోమీటరు, ఒక్కో పెట్టె మట్టం, పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఎవరూ రాయమనలేదు. ఆ అంకెలతోనే విద్యార్థి మర్నాడు లెక్క సరిచేశాడు. పెట్టెల్లో నిజంగా లీకైనవి ఏవో, బాగున్నవి ఏవో విడిగా తేలాయి.

ఇప్పుడు నా ప్రశ్న. ఆయన పేరు పేపర్లో ఉందా? లేదు. పెద్ద ప్రయోగాల పేపర్ల చివర కృతజ్ఞతలు ఉంటాయి, సాంకేతిక, కార్యాలయ సిబ్బందికి ధన్యవాదాలు అని ఒక వాక్యం. ఆ వాక్యం మంచిదే, నిజాయితీగా రాసిందే. కానీ ఒక్క వాక్యం. అందులో పేర్లుండవు. 5154 పేర్లకు 24 పేజీలు దొరికాయి, ఈయనకు చోటు దొరకలేదు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. ఎన్నోచోట్ల చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

దీనికి ఇంకో పద్ధతి ఉండేది, అదీ వినండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజుల్లో ఇంగ్లండులో బ్రిస్టల్ యూనివర్సిటీలో సెసిల్ పావెల్ గారి గ్రూపు ఉండేది. ప్రత్యేకమైన ఫొటో ప్లేట్లు కొండల మీదికి తీసుకెళ్లి పెట్టేవాళ్లు. ఆకాశం నుంచి వచ్చే కణాలు ఆ ప్లేట్లలో సన్నని గీతలు గీసేవి. ఆ గీతల్ని మైక్రోస్కోపులో వెతకాలి. వెతికింది ఎవరు? ఆడవాళ్లు. చాలామందికి భౌతికశాస్త్రం డిగ్రీ లేదు. పనిలో చేరాక నేర్చుకున్నారు. రోజుల తరబడి కళ్లు అతికించుకుని ప్లేటులో అణువణువూ చూసేవారు. 1947లో పయాన్ అనే కణం కనుగొన్నారు. ఒక కణం వచ్చి ఆగి, దానినుంచి ఇంకో కణం పుట్టి పోతున్న గీత మొదట చూసింది మారియెట్టా కుర్జ్ అనే ఆవిడ. 1950లో నోబెల్ బహుమతి పావెల్ గారికి వచ్చింది, ఆయన ఒక్కరికే వచ్చింది. అయితే ఆయన గ్రూపు ఒక మంచి పని చేసింది. ఆ ఫొటోలు అచ్చువేసినప్పుడు, ఆ గీతను ఎవరు చూశారో వాళ్ల పేరు ఫొటోతోపాటు వేసేవారు. అందుకే డెబ్బై ఏళ్లు దాటినా ఇవాళ బరంపురంలో నిలబడి నేను ఆ ఆవిడ పేరు చెప్పగలుగుతున్నాను. లేకపోతే ఎలా చెప్పేవాణ్ని?

కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి సంగతి చెప్పకపోతే అతను నాతో మాట్లాడడు. సెర్న్‌లో పుట్టే డేటా అంతా ఒక్కచోట దాచరు. నలభైకి పైగా దేశాల్లో ఉన్న కేంద్రాలకు పంచుతారు. మన దేశంలో ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఒకటి, కోల్‌కతాలో ఒకటి ఉన్నాయి. యూనివర్సిటీల్లో చిన్న చిన్న క్లస్టర్లు, అంటే కలిపి నడిపే కంప్యూటర్ల గుంపులు, ఉంటాయి. కరెంటు పోతే, ఏసీ ఆగితే, ఆ గది పొయ్యిలా కాలిపోతుంది. అర్ధరాత్రి స్కూటర్ వేసుకుని వచ్చేది అతనే. మీ అందరి ఫోన్లలో ఇంటర్నెట్ పేజీలున్నాయి కదా. ఆ వెబ్ పద్ధతిని 1989లో సెర్న్‌లోనే టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించారు, ఇలాంటి గ్రూపులు ఒకరి సమాచారం ఒకరు చూసుకోవడానికని. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ప్రపంచానికి ఉచితంగా వదిలేసింది.

ఆఫీసులో ఒక మేడమ్ ఉంటారు, బీకాం చదివినావిడ. జపాను నుంచో జర్మనీ నుంచో వచ్చిన పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోతే, ఏ కాగితం మీద ఏ సంతకం కావాలో గ్రూపు మొత్తంలో ఆవిడ ఒక్కరికే తెలుసు. మార్చి 31 లోపు లెక్క చూపించకపోతే వచ్చే ఏడు డబ్బు రాదు. మొదటిసారి విమానం ఎక్కే విద్యార్థికి వీసా కాగితాలు సర్ది, "స్వెట్టర్ పెట్టుకున్నావా నాయనా" అని అడిగేది కూడా ఆవిడే. కామర్స్ చదివే పిల్లలు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు. సైన్సులో మీకూ పని ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఇక బాధపడే విషయం ఒకటి చెప్పి తీరాలి. ఈ గ్రూపుల్లో చాలామంది ఉద్యోగాలు తాత్కాలికం. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ అంటారు. రెండేళ్లు ఒక దేశం, మూడేళ్లు ఇంకో దేశం. ముప్ఫై అయిదేళ్లు వచ్చినా వచ్చే ఏడు ఎక్కడుంటారో తెలియదు. పెళ్లి, పిల్లలు, ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, అన్నీ ఆ మధ్యలోనే. ప్రాజెక్టు మీద తీసుకున్న టెక్నీషియన్ల పరిస్థితి ఇంకా కష్టం. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. పదేళ్లు పట్టి చేతికి వచ్చిన పని ఒక్క ఉత్తర్వుతో బయటికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కొత్త ప్రాజెక్టు వస్తుంది, కొత్త కుర్రాణ్ని తీసుకుంటారు, మళ్లీ మొదటినుంచి జిగురు ఎంత రాయాలో నేర్పుతారు. కోట్ల రూపాయల యంత్రాలు కొంటాం, వాటిని నడిపే చేతుల్ని పోగొట్టుకుంటాం. ఇది మారాలి. టెక్నీషియన్లకు స్థిరమైన ఉద్యోగాలుండాలి, నోటుపుస్తకాల మీద వాళ్ల పేర్లుండాలి, పేపర్లలోనూ ఉండాలి. ఇందులో నాకు సందేహమే లేదు.

ఇలాంటి ప్రయోగాలు మనకు కొత్తేమీ కావు. 1965లో కోలార్ బంగారు గనుల్లో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, మనవాళ్లు, జపాను ఒసాకావాళ్లు, ఇంగ్లండు డర్హమ్‌వాళ్లు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. దాదాపు దేన్నీ తాకకుండా దూసుకుపోయే కణాలు అవి. ప్రపంచంలోనే వాటిని మొదటిసారి పట్టిన గ్రూపుల్లో అదొకటి. ఆ గనుల్లో పనిచేసినవాళ్లలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. గని మనుషుల సాయం లేకుండా అంత లోతుకు ఒక్క పరికరమైనా దిగేదా?

ఇటు మన సముద్రతీరానికి వస్తే స్వామి జ్ఞానానంద గారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. యూరప్ వెళ్లి చదివి, న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ గారి దగ్గర లివర్‌పూల్‌లో పనిచేసి వచ్చారు. వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, వాల్తేరులో, అణుభౌతిక ప్రయోగశాలను నిలబెట్టారు. సన్యాసి ఆయన, కాషాయం కట్టుకుని వాక్యూమ్ పంపుల మధ్య తిరిగారు. ఆ ప్రయోగశాలలకు ఇవాళ్టికీ ఆయన పేరే.

మరి మన బరంపురం? 2016లో ఇక్కడికి ఐసర్ వచ్చింది. దేశంలో పేరున్న విజ్ఞాన సంస్థ. ఇప్పుడు లౌడిగాంలో సొంత క్యాంపస్ ఉంది. కానీ మొదట ఎక్కడ మొదలైంది? ఇంజనీరింగ్ స్కూల్ జంక్షన్ దగ్గర, మన ప్రభుత్వ ఐటీఐ భవనంలో. మీలో చాలామంది రోజూ ఆ దారినే వెళ్తారు. ఐటీఐ బిల్డింగులో సైన్సు చదువు మొదలైంది. ఐటీఐ పిల్లలు ఆకురాయి పట్టి ఇనుము నునుపు చేసే చోటా, భౌతికశాస్త్రం చెప్పే చోటా ఒకే ఆవరణలో ఉన్నాయి. నాకది చాలా సంతోషమైన విషయం.

ఇక పిల్లలు కాగితం, పెన్ను తీయండి. ఇంటర్ తర్వాత ఐసర్లలో చేరాలంటే ఐఏటీ అనే పరీక్ష. నైసర్‌కి నెస్ట్. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీకి జెస్ట్, సీఎస్‌ఐఆర్ నెట్, గేట్. ఐటీఐ, డిప్లొమా చదివినవాళ్లు భాభా అణు పరిశోధన కేంద్రం ఇచ్చే స్టైపెండరీ ట్రైనీ నోటిఫికేషన్లు చూడండి. ఐటీఐవాళ్లకు ఒక విభాగం, డిప్లొమా, బీఎస్సీవాళ్లకు ఇంకో విభాగం. శిక్షణ కాలంలో డబ్బు ఇస్తారు, తర్వాత ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఇది ప్రాజెక్టు ఉద్యోగం కాదు. వయసు, మార్కులు ఎంత ఉండాలో నోటిఫికేషన్లోనే ఉంటాయి, జాగ్రత్తగా చదవండి. ఆడపిల్లల్ని రాత్రి షిఫ్టులకు ఎలా పంపుతామని అమ్మలు అడుగుతారు. 2012లో హిగ్స్ ఫలితాన్ని అట్లాస్ తరఫున లోకానికి చెప్పింది ఫాబియోలా జానొట్టి గారు. తర్వాత సెర్న్ మొత్తానికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆవిడ గ్రూపులోనూ రాత్రి షిఫ్టులున్నాయి. కొన్ని షిఫ్టులు ఇప్పుడు మన దేశంలో కూర్చునే చెయ్యొచ్చు. వాళ్లను వెళ్లనివ్వండి.

నేను చెప్పాలనుకున్నవి చెప్పాను. టీ వస్తోందంటున్నారు, అది వచ్చేలోగా ప్రశ్నలు అడగండి. ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలుంటే ముందు వాళ్లు అడగండి, మైకు వాళ్లకివ్వండి బాబూ.